కొత్త సోషల్ టీచర్‌కు: ఏ మెటీరియల్ దగ్గర పెట్టుకోవాలి

మేడమ్, హైదరాబాద్‌లో ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ స్కూల్ అసిస్టెంట్‌గా కొత్తగా చేరారు, 8, 9, 10 తరగతులు మీకిచ్చారు. మీరు అడిగినవి మూడు. పిల్లలు పాఠం సగంలోనే డీలా పడిపోతున్నారు, ఏ వెబ్‌సైట్లు, ఏ వీడియోలు వాడాలి అన్నది మొదటిది. ఇవన్నీ చేస్తూ కూర్చుంటే సిలబస్ పూర్తవుతుందా అన్నది రెండోది. హెచ్‌ఎం గారు స్కూల్ గ్రాంటులోంచి సోషల్‌కు 2,000 రూపాయలు ఇస్తామన్నారు, ఏం కొనాలి అన్నది మూడోది. నేను 26 ఏళ్లుగా సోషల్ చెబుతున్నాను. నాకు పనికొచ్చినవే చెబుతాను.

ముందు ఒక మాట. మనకు సమాచారం తక్కువై పిల్లలు డీలా పడటం లేదు. టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో రోజుకు పది పీడీఎఫ్‌లు వస్తాయి. అవన్నీ పుస్తకంలో ఉన్నదాన్నే బిట్లుగా, పట్టికలుగా, రంగురంగుల చార్టులుగా మళ్లీ చెబుతాయి. ఒకసారి విన్న మాటనే మూడుసార్లు వింటే ఏ పిల్లాడికైనా నిద్రొస్తుంది. పుస్తకం చెప్పిన మాటను పిల్లలు తమ కళ్లతో సరిచూసుకోవడానికి ఏదైనా ఒక ఆధారం తెచ్చి చేతిలో పెట్టండి. ఒక మ్యాపు, ఒక పాత కాగితం, ఒక నాణెం, చివరికి ఒక నీడ అయినా సరే. నేను మెటీరియల్ ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క కొలతే పెట్టుకుంటాను.

పైసా ఖర్చు లేని దాంతో మొదలుపెడతాను. ఒక మీటరు కర్ర. గ్రౌండ్‌లో చదునుగా ఉన్న చోట నిలువుగా పాతించండి. నిలువుగా ఉందో లేదో చూడటానికి దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీస్తే చాలు. పావు తక్కువ పన్నెండు నుంచి ప్రతి ఐదు నిమిషాలకు నీడ కొస దగ్గర ఒక గులకరాయి పెట్టమనండి. నీడ అన్నిటికంటే పొట్టిగా ఎప్పుడవుతుందో ముందే రాసుకోమంటే క్లాసంతా 12 గంటలకే అని రాస్తుంది. హైదరాబాద్‌లో అది సగటున 12 గంటల 16 నిమిషాలకు అవుతుంది. నవంబర్ మొదట్లో అయితే 12కు దగ్గరగా, ఫిబ్రవరి మధ్యలో దాదాపు 12:30కి. మన గడియారం 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తుంది, మన ఊరు 78 డిగ్రీల 29 నిమిషాల దగ్గర ఉంది. తేడా నాలుగు డిగ్రీలు, డిగ్రీకి నాలుగు నిమిషాలు. ఈ లెక్కను 9వ తరగతి పిల్లలు బోర్డు మీద ఎన్నిసార్లు చేసినా మార్కుల కోసమే చేస్తారు. గులకరాళ్ల దగ్గర నిలబడి చేసినప్పుడు మాత్రం ప్రామాణిక కాలం అంటే ఏమిటో వాళ్లకు పట్టుబడుతుంది.

ఒక జూన్‌లో, బడి తెరిచిన వారానికి, ఇదే చేయిస్తున్నాను. ఒక అమ్మాయి నా దగ్గరకొచ్చి, "సార్, మనం కర్ర తప్పుగా పాతినట్టున్నాం, నీడ దక్షిణం వైపు పడుతోంది" అంది. మధ్యాహ్నం నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని ఆమె అనుకుంది. తప్పేమీ లేదు. హైదరాబాద్ కర్కట రేఖకు దక్షిణాన ఉంది కాబట్టి మే 9 నుంచి ఆగస్టు 3 దాకా మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. జూన్ 21న మీటరు కర్రకు దాదాపు పదిన్నర సెంటీమీటర్ల నీడ దక్షిణంగా, డిసెంబర్ 22న 86 సెంటీమీటర్ల నీడ ఉత్తరంగా పడుతుంది. ఆ అమ్మాయి ఆ ఏడాది పొడవునా నెలకోసారి నీడ కొలిచి నోటుబుక్కులో గీసింది. కర్కట రేఖ అంటే ఏమిటని మళ్లీ ఆమెకు నేను చెప్పాల్సిన పని పడలేదు.

నీడ అసలే పడని రోజులు కూడా ఆ రెండే, మే 9, ఆగస్టు 3 ప్రాంతం. మేలో సెలవులుంటాయి, ఆగస్టులో మబ్బులుంటాయి. అయినా ఆగస్టునే పట్టుకోండి. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా మీటరు కర్ర నీడ సెంటీమీటరు దాటదు. కాబట్టి ఆ వారంలో ఎండ కాసిన రోజు చూసుకుని, మధ్యాహ్న భోజనం బెల్లు ముందు పీరియడ్ ఎవరిదో వాళ్లను అడిగి తీసుకోండి. 12:23 ప్రాంతంలో చూడాలి.

రెండోది టోపోషీట్, అంటే నేల ఎత్తుపల్లాలు, చెరువులు, దారులు వివరంగా చూపే సర్వే మ్యాపు. సర్వే ఆఫ్ ఇండియా ఆఫీసు మన ఉప్పల్‌లోనే ఉంది. వాళ్ల ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్లో రిజిస్టర్ చేసుకుంటే 1:50,000 స్కేలు షీట్లు ఉచితంగా దిగుతాయి. అంటే మ్యాపు మీద రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. పాత నంబరింగ్‌లో హైదరాబాద్ 56కె షీట్లలో వస్తుంది. మీ స్కూలు ఉన్న భాగాన్ని జిరాక్స్ సెంటర్‌లో పెద్ద కాగితం మీద కలర్‌లో తీయించండి, నలుగురికొకటి చొప్పున. ప్రొజెక్టర్ మీద చూపిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది కానీ సరిపోదు. పిల్లలు తమ వీధి మీద వేలు పెట్టాలి, స్కేలుతో కొలవాలి, పెన్సిల్‌తో గీయాలి.

షీటు పంచాక మొదటి పీరియడంతా ఒక్కటే అడగండి: నీలం రంగులో ఏమేం కనిపిస్తున్నాయి? చెరువులు, కుంటలు, వాటిని కలిపే వాగులు ఒక్కొక్కటిగా దొరుకుతాయి. తర్వాత అదే ప్రాంతాన్ని భువన్‌లో చూపించండి. ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే ఉపగ్రహ చిత్రాల పోర్టల్ అది, దాని ఆఫీసు బాలానగర్‌లో ఉంది. షీటు మీద నీలంగా ఉన్నవాటిలో కొన్ని అక్కడ ఇళ్లుగా కనిపిస్తాయి. నల్లకుంటలో కుంట ఏది, మాసబ్ ట్యాంక్‌లో ట్యాంక్ ఏది అని పిల్లలే అడుగుతారు. మాసబ్ ట్యాంక్ చెరువున్న చోట ఇప్పుడు చాచా నెహ్రూ పార్కు ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మీ క్లాసులో చెరువు నేలలో కట్టిన ఇళ్లలో ఉండే పిల్లలు తప్పకుండా ఉంటారు. వాళ్ల నాన్న కూలి డబ్బులు కూడబెట్టి 60 గజాలు కొనుక్కుని ఉంటాడు. "చూశారా, చెరువులు కబ్జా చేశారు" అని మీరొక్క మాట అంటే ఆ పిల్లవాడు తల దించుకుంటాడు. ఎవరు ఉంటున్నారన్నది పక్కన పెట్టి, ఆ నేల ఎలా ప్లాట్లయింది, అనుమతులు ఇవ్వాల్సిందెవరు, వాన నీళ్లు ఇప్పుడు ఎటు పోతున్నాయి అనే ప్రశ్నల వైపు నడపండి. సివిక్స్ పాఠం అక్కడే ఉంది.

పనిలో పనిగా శిఖం భూమి అనే మాట పరిచయం చేయండి. రెవెన్యూ రికార్డుల్లో చెరువు లోపలి నేలను శిఖం అంటారు. ఫారసీలో షికమ్ అంటే పొట్ట. చెరువు పొట్ట అన్నమాట. తహసీల్దార్, ఖరీఫ్, రబీ, జిల్లా అన్నీ ఆ దారిన వచ్చినవే. మన హైదరాబాద్ క్లాసుల్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు సోషల్ పీరియడ్‌లో తరచుగా వెనక బెంచీల్లో మౌనంగా ఉంటారు. ఈ మాటల అర్థాలు ఇంట్లో నానమ్మను అడిగి రమ్మని వాళ్లకే పని చెప్పండి. నా క్లాసు గోడ మీద తెలుగు, ఇంగ్లిష్, ఉర్దూ మూడు గళ్ల మాటల పట్టిక ఉంటుంది, పిల్లలే రాస్తారు. నేను వాడే మెటీరియల్‌లో దేన్నైనా వదులుకుంటాను కానీ దాన్ని వదులుకోను.

మూడోది, ఒకే సంఘటన చుట్టూ ఆధారాలు పోగేయడం. హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి 1908 మూసీ వరదను తీసుకోండి. సెప్టెంబర్ 28న వచ్చిన ఆ వరదలో దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. వరదకు అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి, 1578లో కట్టిన పురానాపూల్ నిలబడింది. అన్నిటికంటే పాత వంతెన ఎలా నిలిచిందని పిల్లలను అడిగి వదిలేయండి, జవాబు మీరు చెప్పకండి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించడం, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడటం, మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ నది మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తవడం, ఇవన్నీ ఆ ఒక్క రాత్రి వెనకాలే వచ్చాయి. ఇంట్లో వాళ్లు గండిపేట నీళ్లు అనేది ఈ ఉస్మాన్ సాగర్ నీళ్లనే. వరద ఆపడానికి కట్టిన జలాశయాలు ఊరికి దాహం తీర్చాయి.

ఈ పాఠానికి చూపించడానికి ఏమున్నాయంటే, వరద తర్వాతి ఏళ్లలో లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో వీధులు, ఇళ్లు, బావులతో సహా గీసిన హైదరాబాద్ మున్సిపల్ సర్వే మ్యాపులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. అఫ్జల్‌గంజ్ చుట్టుపక్కల షీటు ఒక్కటి తీసుకుని ఇవాళ్టి మ్యాపు పక్కన పెట్టండి. వరద నాటి ఫోటోలు కూడా దొరుకుతాయి. వాటితో పాటు ఇంట్లో పెద్దవాళ్లను 2020 అక్టోబర్ వరద గురించి అడిగి రాసుకు రమ్మనండి: నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, ముందు ఏం సర్దుకున్నారు, ఎవరు సాయం చేశారు. ఆ రెండు పేజీలు చదువుతుంటే పిల్లలకు 1908 దూరంగా అనిపించదు. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం నాలుగూ ఈ ఒక్క దాంట్లోనే నడుస్తాయి, ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టుగానూ పెట్టుకోవచ్చు.

మ్యూజియం గురించి. ఉద్యోగంలో చేరిన కొత్తలో 60 మంది పిల్లలను సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లాను. రెండు గంటల్లో అన్ని గదులూ తిప్పాను. మర్నాడు ఏం చూశారంటే అందరూ ఒకటే మాట, గంట కొట్టే బొమ్మ గడియారం. తప్పు పిల్లలది కాదు, నా ప్లానుది. ఇప్పుడు ఒకటి రెండు గ్యాలరీలు మాత్రమే తీసుకుంటాను. ఐదుగురికి ఒక వస్తువు. 20 నిమిషాలు దాని ముందే కూర్చుని బొమ్మ గీయాలి, దేంతో చేశారు, ఎవరు వాడి ఉంటారు, ఎక్కడెక్కడ అరిగిపోయింది అని రాయాలి. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు, గుర్తు పెట్టుకోండి. పాఠానికి దగ్గరగా ఉండేది మాత్రం పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం. బౌద్ధ శిల్పాలు, నాణేలు అక్కడున్నాయి. ఈజిప్టు మమ్మీ కూడా ఉంది, పిల్లలు దాని కోసమైనా వస్తామంటారు. ముందు మీరొక్కరే వెళ్లి వస్తువులు ఎంచుకుని, తర్వాత వాళ్లను తీసుకెళ్లండి.

మీరు అడిగిన వెబ్‌సైట్ల సంగతికి వస్తే, నిజంగా వాడేవి నాలుగైదే. పాఠ్యపుస్తకాలు తయారు చేసే రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ సైట్లో మన పుస్తకాల పీడీఎఫ్‌లు ఉన్నాయి, వాటిలోంచి మ్యాపులు, ఫోటోలు పెద్దవి చేసి చూపించవచ్చు. పుస్తకంలోని క్యూఆర్ కోడ్ దీక్ష యాప్‌లో స్కాన్ చేస్తే వీడియోలు వస్తాయి. రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానెల్ టీ-శాట్ వాళ్ల తెలుగు పాఠాలు రివిజన్‌కు బాగుంటాయి. రాజ్యాంగం తెలుగు ప్రతి కేంద్ర న్యాయశాఖ సైట్లో ఉంది. పీఠిక, ప్రాథమిక హక్కుల పేజీలు ప్రింటు తీసి, అధికరణ 21-ఎ లాంటివి అసలు వాక్యాల్లోనే చదివించండి. రాజ్యాంగ సభ చర్చల్లోంచి దుర్గాబాయి దేశ్‌ముఖ్ మాట్లాడిన ఒక పేరా తీసుకుని చదివిస్తే, ఆ సభలో మన తెలుగావిడ ఉందా అని ఆడపిల్లలు కాస్త నిటారుగా కూర్చుంటారు.

వీడియో ఏదైనా మూడు నాలుగు నిమిషాలకు మించి ఆపకుండా వేయకండి. ముందు ప్రశ్న బోర్డు మీద రాసి, తర్వాత వేయండి. నెట్ నమ్ముకోకండి, ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోండి. గ్యాప్‌మైండర్ వాళ్ల డాలర్ స్ట్రీట్ అని ఒకటుంది. రకరకాల దేశాల్లో రకరకాల ఆదాయాల కుటుంబాల వంటగది, మంచం, చెప్పులు ఫోటోల్లో కనిపిస్తాయి. తలసరి ఆదాయం పాఠానికి దానికి మించింది నేను చూడలేదు. ఏఐ చాట్‌బాట్లు ప్రశ్నలు తయారు చేయడానికి పనికొస్తాయి. తేదీలు, పేర్లు మాత్రం వాటిని నమ్మి బోర్డు మీద రాయకండి, పుస్తకంతో సరిచూశాకే రాయండి. గూగుల్లో దొరికిన ఇండియా మ్యాపు నేరుగా వాడొద్దు, కశ్మీర్ సరిహద్దు చాలా వాటిలో తప్పుగా ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా ఔట్‌లైన్‌లే తీసుకోండి.

జనాభా లెక్కలు 2011వే వాడాల్సి వస్తుంది: తెలంగాణ 3,50,03,674, హైదరాబాద్ జిల్లా 39,43,323, జిల్లా అక్షరాస్యత 83.25 శాతం. పాత లెక్క అని చెప్పే వాడండి. కొత్త జనగణనకు 2027 మార్చి 1ని ఆధార తేదీగా ప్రకటించారు. మన టీచర్లకు ఎన్యూమరేటర్ డ్యూటీ ఎలాగూ పడుతుంది. ఆ ఫారంలోని ప్రశ్నలనే క్లాసులో పెట్టి, ఈ ప్రశ్న ప్రభుత్వం ఎందుకు అడుగుతోందని చర్చించండి.

హైదరాబాద్‌లో పని చేస్తూ 1948ని తప్పించుకోలేరు. సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా జరిగిన సైనిక చర్య, ఆ తర్వాత నిజాం సంస్థానం ఇండియాలో కలవడం. సెప్టెంబర్ 17ను విమోచన దినం అని కేంద్రం, సమైక్యతా దినోత్సవం అని ఒక రాష్ట్ర ప్రభుత్వం, ప్రజాపాలన దినోత్సవం అని తర్వాతి ప్రభుత్వం జరిపాయి. విలీనం అనేవాళ్లు వేరే. ఈ పేర్లన్నీ బోర్డు మీద రాసి, ఒక్కో పేరు దేన్ని ముందుకు తెస్తోంది, దేన్ని పక్కన పెడుతోంది అని అడగండి. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరి ఇళ్లలో ఆ రోజుల జ్ఞాపకాలు వేర్వేరుగా ఉంటాయి. రెండిటినీ గౌరవంగా విననివ్వండి. తీర్పు చెప్పే తొందర మీకూ వద్దు, వాళ్లకూ వద్దు. ఇంకా లోతుగా చదవాలంటే తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, సుల్తాన్ బజార్‌లో 1901 నుంచీ ఉన్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మనకు అందుబాటులోనే ఉన్నాయి.

సిలబస్ టెన్షన్ నాకు తెలుసు, ముఖ్యంగా 10వ తరగతితో. ఒక్కో తరగతికి పదిహేను రోజులకు ఒక్క పీరియడ్ ఇలాంటిది పెట్టుకోండి, అంతకంటే వద్దు. ముందు రోజు ఆ పాఠం వాళ్లనే చదువుకు రమ్మనండి. అప్పుడు మీరు చెప్పాల్సిన భాగం తగ్గుతుంది. మన విద్యాప్రమాణాల్లో విషయావగాహన ఒక్కటే లేదు కదా. పట నైపుణ్యాలు, సమాచార నైపుణ్యాలు, సమకాలీన అంశాలపై ప్రతిస్పందన అన్నీ ఉన్నాయి. టోపోషీటు మీద పని చేసిన పిల్లవాడికి పరీక్షలో మ్యాపు ప్రశ్న భయం ఉండదు. 10వ తరగతికి జనవరి నుంచి రివిజనే చేయించండి, అప్పుడు కొత్త ప్రయోగాలు పెట్టకండి. 8, 9 తరగతుల్లో చేతినిండా సమయముంది, కర్ర, టోపోషీటు, మూసీ అక్కడే చేయించేయండి.

ఇక 2,000 రూపాయలు. పెద్ద రంగుల చార్టులు కొనకండి, గోడకు వేలాడతాయి అంతే. కోఠిలో ఒక మంచి గ్లోబు తీసుకోండి, ఊరి పేర్లు చదవగలిగేంత సైజుది. తర్వాత ఇండియా, తెలంగాణ ఔట్‌లైన్ మ్యాపుల కట్టలు. ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గరకు వెళ్తే పాత అట్లాసులు తక్కువలో దొరుకుతాయి. సోవియట్ యూనియన్ ఉన్న అట్లాస్ ఒకటి దొరికితే వదలకండి, ఇప్పటి అట్లాస్ పక్కన పెడితే ప్రపంచం ఎలా మారిందో పది నిమిషాల్లో చెప్పేయొచ్చు. మీ స్టోర్‌రూమ్‌లో దుమ్ము పట్టిన పాత గోడ మ్యాపులు ఉండే ఉంటాయి. 23 జిల్లాల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది ఒకటైనా ఉంటుంది. తీసి పారేయనివ్వకండి. దాని పక్కన 2014 నాటి 10 జిల్లాల తెలంగాణ, 2016 అక్టోబర్ 11 తర్వాతి 31 జిల్లాలు, 2019లో ములుగు, నారాయణపేట చేరాక 33 జిల్లాల మ్యాపులు వరసగా తగిలించండి. మిగిలిన డబ్బుతో ఒక కొలత టేపు, కలర్ జిరాక్సులు. కర్ర మాత్రం కొనక్కర్లేదు, బడి వెనక ఏదో ఒక చెట్టు ఉంటుంది.